బాపు నెత్తురుకు చెరుకు లెక్క

మా అన్న ఈ కథ చెప్పే తీరు మీరెక్కడైనా విని ఉంటే దయచేసి మరచిపోండి. "మా చెల్లె నెత్తురు పరీక్షను బడి పరీక్ష అనుకున్నది, బాపుకు ఫస్టుక్లాసు వచ్చిందన్నది" అని పెళ్లి పంక్తుల మధ్య నిలబడి చెప్తాడు. అబద్ధం. నేనంత తెలివితక్కువదాన్ని కాదు. నేను చేసిన తప్పు వేరే. అది అంతకంటే పెద్దది, పైగా దానికో తర్కం కూడా ఉంది. ఒక్క కాగితం చదివి కన్నతండ్రిని కాటికి ఎలా సాగనంపబోయానో వినండి.

అప్పటికి నేను బి.ఎ. పాసై, బోధన్ పక్కన మా ఊళ్లో ఎవరు నోరు తెరిచినా సరిదిద్దే ఉద్యోగంలో ఉన్నాను, జీతం లేకుండా. చెరుకు కోతలకు ముందు బాపుకు గుండెపోటు వచ్చింది. నిజామాబాద్ ఆసుపత్రి నుంచి ఇంటికి పంపుతూ డాక్టరు, తాను చెప్పేదాకా మంచం దిగొద్దన్నాడు. వారం వారం నెత్తురు పరీక్ష చేయించమన్నాడు. ఆ రోజుల్లో గుండెపోటు మనిషిని నెలన్నర మంచానికి అంటగట్టేవారు. మా బాపును మంచంలో ఉంచడమంటే కోడెదూడను కోళ్లగంప కింద కమ్మడమే.

"చెరుకు ఎండుతున్నది. నేను గిట్ల బొమ్మలెక్క పండుకుంటె ఎట్ల బిడ్డా?" అని రోజంతా సణిగేవాడు.

మొదటి వారం పరీక్షలో నలభై వచ్చింది. రెండో వారం కాగితం కోసం నిజామాబాద్ పోతే డాక్టరు లేడు. కంపౌండరు కాగితం చేతికిస్తూ, "సారు రేపు మీ ఊరికే వస్తున్నడు. ఆయన జూసేదాంక ఇంట్ల ఏం చెప్పకమ్మ" అన్నాడు.

"నాకు చదవరాదా?"

"చదవొస్తది. సమజ్ గావాలె గద."

ఆ మాట బస్సులో బోధన్ దాకా నన్ను గుచ్చుతూనే ఉంది. కాగితం మీద డెబ్బై అని ఉంది. సమజ్ కావడానికేముంది? మా దగ్గర చక్కెర ఫ్యాక్టరీవాళ్లు చేనుకొచ్చి, రెండు చుక్కల చెరుకు రసం గాజు మీద వేసి, చిన్న గొట్టంలోంచి చూసి ఒక అంకె చెప్తారు. అంకె పెరిగితే చెరుకు పండినట్టు, కోతకు పర్మిట్ ఇస్తారు. పెరగకపోతే ఇంకో పదిహేను రోజులు చేను మొహం చూస్తూ కూర్చోవాలి. నేను పుట్టిన దగ్గర నుంచి మా ఇంట్లో పెరిగే అంకె అంటే పండుగే. పైగా నేను చదివింది అర్థశాస్త్రం. అందులోనూ అంతే కదా.

"ఎంతొచ్చింది?" అన్నాడు బాపు, గడప దాటకముందే.

"డెబ్బై. పోయినసారి నలభై."

"అంటె ఎక్కింది."

"మస్తు ఎక్కింది. నెత్తురు పక్వానికొచ్చింది బాపూ."

బాపు నా మొహంలోకి ఒక్క క్షణం చూశాడు. "చదువుకున్న బిడ్డవు. నువ్వే చెప్తున్నవు గద?"

"నేనే చెప్తున్న."

అవ్వ, అంటే మా అమ్మ, ఒక్కతే అడ్డం పడింది. "డాక్టరు రేపొస్తడట గద. ఒక్క దినం ఆగరాదు?"

"నీకు తెల్వదు, ఊకో అవ్వా" అన్నాను. ఇన్నేళ్లయినా నాలుక కొరుక్కుంటున్నాను.

తెల్లారగానే బాపు బండి కట్టించుకుని చేనుకు పోయాడు. కాసేపటికి డాక్టరు స్కూటరు దిగాడు.

"పేషెంటు ఏడి?"

"చేనుకు వోయిండు" అంది అవ్వ.

"ఎవరు పొమ్మన్నరు?"

ఇంట్లోవాళ్లందరూ నావైపు చూశారు. గోడ మీద బల్లి కూడా చూసిందని నా అనుమానం.

"రిపోర్టు మంచిగొచ్చింది సార్. డెబ్బై."

డాక్టరు ఖాళీ మంచం మీద కూలబడి తన గుండె మీద తానే చెయ్యి వేసుకున్నాడు. "అమ్మా, ఒంట్ల వాపు ఎంత ఎక్కువుంటె ఆ అంకె అంత పెరుగుతది. గుండెకు తగిలిన దెబ్బ ఇంక పచ్చిగనే ఉన్నదని అర్థం. ఆయన నీకు తండ్రి, చెరుకుతోట కాదు."

చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. మా ఇంట్లో పేషెంటు కూడా పోయాడు.

పరుగెత్తాం. బాపు చెరుకు మోపు మీద కూర్చుని ఉన్నాడు. మొహం సున్నం కొట్టిన గోడలా ఉంది, చొక్కా తడిసి ముద్దయింది. ఆ స్థితిలోనూ కోత మనుషులతో, "మొదలుకంట కొయ్యిండ్రి, తీపంత ఆడనే ఉంటది" అంటున్నాడు. చెరుకు ఆకు పరిచిన బండిలో పడుకోబెట్టి ఇంటికి తెచ్చాం. నేను బండి వెనక నడుస్తూ, ఆయన ఛాతీ లేచి పడుతోందా లేదా అని చూస్తూ వచ్చాను. ఆ దారిలో మాత్రం నాకు ఒక్క వాదన కూడా తోచలేదు.

మళ్లీ మొదటి నుంచి మంచం. అరవై, నలభై, ఇరవై. అంకె తగ్గిందని కొబ్బరికాయ కొట్టిన ఇల్లు చెరుకు దేశంలో మాదొక్కటే.

చివరికి పన్నెండు వచ్చిన రోజు డాక్టరు నవ్వి బాపుతో అన్నాడు: "ఇదే గద పెద్దాయనా, ఆసుపత్రిల మొదటి దినమే నీకు చెప్పింది. అంకె దిగాలె, అప్పుడే నువ్వు లేవాలె అని."

నేను బాపు వైపు తిరిగాను. బాపు ఇంటి దూలాలు లెక్కపెడుతున్నాడు.

"నీకు ముందే తెలుసా?"

"యాది లేదు బిడ్డా."

ఆ తర్వాత ఆయన ఎన్నో కోతలు చూశాడు. ఎన్నిసార్లు నిలదీసినా అదే జవాబు. డాక్టరు చూడని కాగితాన్ని ఇక ఈ జన్మలో చదవనని, చదివినా పైకి అననని, అన్నా అవ్వ మాట విన్నాకే అంటానని అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను. నింద నాకు ఖాయమైపోయింది, భరిస్తాను. కానీ నాకొక్కటి తేలాలి: ఆ రోజు నా మాట నమ్మి లేచావా బాపూ, లేక తప్పు చదివే బిడ్డ దొరికిందని లేచావా?