ఖాసిం కషాయం, ఒంటిపూట తిండి

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడు నన్ను గురజాల నుంచి మాచర్ల పక్కనున్న ఒక పల్లెకు, ప్రభుత్వ ఆయుర్వేద వైద్యశాల మెడికల్ ఆఫీసరుగా బదిలీ చేశారు. పేరు గొప్పేగాని అక్కడ ఉన్నది నేనూ, పొట్లాలు కట్టే కాంపౌండరూ, ఎప్పుడో గాని రాని చూర్ణాలూ.

ఖాసిం బోరు మోటార్లకు వైండింగ్ చుట్టే మెకానిక్కు. నేల మీద బాసింపట్టు వేసుకుంటేగాని సాగని పని అది. ఒళ్ళు పెరిగి మోకాళ్ళు మడతపడటం మానేశాయి. ఈ పని పోతే ఇంకో పని రాదు. ఒకరోజు ఫోనులో వీడియో తెచ్చి చూపించాడు. కొరియాలో సంప్రదాయ వైద్యులు మూలికల కషాయం ఇస్తూ, రోజులో కొన్ని గంటలే తిననిచ్చి బరువు తగ్గిస్తారట.

"మనక్కూడా అట్టాంటిది ఇయ్యండి సార్. రంజాన్ నెలంతా రోజా ఉండేవాణ్ణి, ఆకలి నాకేమన్నా కొత్తా?" అన్నాడు.

ఫోను వైద్యమంటే నాకు ఒళ్ళుమంట. అయితే ఆ పద్ధతి అబద్ధం కాదు. విజయవాడలో ఒక శిక్షణలో కొరియా వైద్యుడొకాయన దాన్ని వివరంగా చెప్పాడు. ముందు రోగి వాడే మందులన్నీ చూస్తారు, మధ్యమధ్య పిలిచి నాడీ పొట్టా పరీక్షిస్తారు, చివర మెల్లగా తిండికి తెస్తారు. మేం లంఘనం అనేదీ ఇంచుమించు అదే. ఉపవాసం తర్వాత పల్చని గంజి, చిక్కటి జావ, ఆ పైనే అన్నం.

వేరే మందులేమైనా వాడుతున్నావా అని ఖాసింని అడిగాను. లేదన్నాడు. షుగరు ఎప్పుడో ఉండేదట, తగ్గిందట. రక్తపరీక్షలోనూ మామూలుగానే వచ్చింది. రాత్రి తిండి మాని కషాయం తాగమనీ, వారం వారం రమ్మనీ చెప్పాను.

వచ్చాడు. మోకాలు వంచి చూపించి చిన్నపిల్లాడిలా నవ్వాడు. తర్వాతి వారం రాలేదు. షెడ్డులో మోటారు ముందే పడిపోయాడని కాంపౌండరు చెప్పాడు. నరసరావుపేట ఆస్పత్రికి చేర్చేసరికి షుగరు అడుగంటింది. మళ్ళీ తెలివి రాలేదు. అక్కడే పోయాడు.

పరామర్శకు వెళ్తే భార్య జాన్‌బీ అసలు సంగతి చెప్పింది. అతను ఏళ్ళ తరబడి షుగరు బిళ్ళలు వేసుకుంటూనే ఉన్నాడు. పరీక్ష బాగా వచ్చింది వాటివల్లే. రంజాన్‌లో ఇంగ్లీషు డాక్టరు బిళ్ళ తగ్గించి రాసేవాడు. ఈసారి ఖాసిం ఆయనకు కషాయం, ఉపవాసం మాట చెప్పలేదు, బిళ్ళలు ఎప్పటిలాగే మింగాడు. బరువు తగ్గుతున్న హుషారులో పగటి తిండి కూడా మానేశాడు.

మరి నాకెందుకు చెప్పలేదమ్మా అన్నాను.

"ఆకుమందు ఇచ్చే సారు దగ్గర ఇంగ్లీషు బిళ్ళల మాట ఎత్తితే చిన్నబుచ్చుకుంటారు, చెప్పమాకే అన్నాడు సార్. మీరంటే చానా మర్యాద ఆయనకి."

కోప్పడదామన్నా మనిషి లేడు. ఆమె ముందే ఏడ్చాను.

అప్పటి నుంచి రిటైరయ్యేదాకా, నాడి చూడకముందే, ఇంగ్లీషు మందులు వాడితే నాకేం కోపం లేదని చెప్పేవాణ్ణి. ఇంట్లోవాళ్ళు బిళ్ళల సంచీతో వస్తేనే ఉపవాసం రాసేవాణ్ణి. మా వైపు రోగి, వైద్యుడి మనసు నొప్పించకూడదని అబద్ధం చెబుతాడు. తిండి మానమనే ముందు ఆ మొహమాటం మాన్పించాలి. ఇది నాకు కాలేజీలో ఎవరూ చెప్పలేదు. ఖాసిం పోయాక తెలిసింది.