మందు రంగే అనుకున్నాను

రెండేళ్ల కిందటి మాట. కొత్తగూడెంలో బొగ్గు బాయిలో పనిచేసే మా ఆయనకు టీబీ అని తేలింది. గోళీలిచ్చిన నర్సమ్మ, "మూత్రం ఎర్రగ వస్తది, భయపడొద్దు. ఒక్కరోజు గూడ మందు ఆపొద్దు" అంది. ఆ రెండు మాటలూ బైబిలు వాక్యంలా పట్టుకున్నాను.

నెల దాటాక ఆయనకు అన్నం సహించలేదు. కళ్లు పచ్చబడ్డాయి.

"ఇయ్యాల వద్దే, కడుపుల తిప్పుతాంది" అని బతిమాలాడు.

"అది మందు రంగే, కండ్లకెక్కింది. పిల్లల లెక్క జేస్తవేంది? మింగు!" అని కసిరి, గోళీలు నోట్లో వేశాను.

మూడో రోజు మాట తడబడితే దవాఖానాకు తీసుకుపోయాం. "మందును అరిగించేది లివరే అమ్మా. అట్ల అరిగేటప్పుడు కొందరికి అదే విషమైతది. వాంతులు, పచ్చకండ్లు కనపడంగనే మా దగ్గరికి రావాలె గదా" అన్నాడు డాక్టరు. వారం తిరక్కుండానే ఆయన పోయాడు.

ఈ సంగతి కూడా నర్సమ్మ చెప్పే ఉంటుంది. నా చెవికి రెండు మాటలే ఎక్కాయేమో. మీ ఇంట్లో ఎవరైనా ఆ గోళీలు మింగుతుంటే, రోజూ కళ్లలోకి చూడండి.

ఆ రోజు ఆయన వద్దంటూనే, నా కోసం నోరు తెరిచాడు.