ఖుబానీ పూతకు క్యూరింగ్

ఒమన్‌లో చలి అంటే మా ఆవిడ ఇప్పటికీ నమ్మదు. "అందరు ఎండకు మాడుతుంటే నీకొక్కనికే చలి వెడ్తున్నదా?" అంటుంది ఫోన్లో. మస్కట్‌లో ఉన్న పదేళ్లూ నేనూ నమ్మలేదు. తర్వాత మా కన్‌స్ట్రక్షన్ కంపెనీ మూతపడింది. తెలిసినవాళ్లు చెబితే జెబెల్ అఖ్దర్ కొండ మీద ఒక ముసలాయన తోటలో పనికి కుదిరాను. అక్కడ రెండు కంబళ్లు కప్పుకుని, కాళ్లకు సాక్సులు వేసుకుని పడుకునేవాణ్ణి. సాక్సుల సంగతి ఇంటికి చెప్పలేదు.

ముసలాయనను అందరిలాగే నేనూ బాబా అనేవాణ్ణి. కొండవాలున మెట్లుమెట్లుగా కట్టిన మళ్లలో ఆయనకు కొన్ని దానిమ్మలు, పదకొండు ఖుబానీ చెట్లు ఉండేవి. అప్పటిదాకా నాకు ఖుబానీ అంటే పెళ్లి విందులో చివర పెట్టే తీపి. అదొక పండనీ, దానికి ఒక చెట్టు ఉంటుందనీ ఆలోచనే రాలేదు. బాబా కొడుకు మస్కట్‌లో ఆఫీసరు. తోట తీసేసి టూరిస్టులకు గదులు కడదామని అతని పట్టు. ముందటేడు కాపు సరిగా రాలేదు. ఈసారి ఖుబానీ కూడా కాయకపోతే నీ ఇష్టమొచ్చినట్టు చేసుకో అని బాబా మాటిచ్చేశాడు. నా వీసా కాగితాలు చూసేదీ ఆ కొడుకే.

ఫిబ్రవరి ఆఖర్లో చలి పోయింది. ఖుబానీ చెట్లు ఆకైనా రాకముందే తెల్లగా పూశాయి. బాబా రోజూ చెట్టుచెట్టుకూ తిరిగి, లేని పనులు కూడా నాకు పురమాయించేవాడు. ఆయన్ని అంత హుషారుగా నేనెప్పుడూ చూడలేదు. కంటి పరీక్షకని ఆయన కొండ దిగి నిజ్వా టౌనుకు వెళ్లిన రోజే చలి తిరిగొచ్చింది. మధ్యాహ్నం ఫోన్ చేశాడు.

"రాత్రికి మంచు గడ్డ కడుతుందట. పొద్దుగూకకముందే చెట్లకు గోనెసంచులు కప్పు. పొద్దున్నే వస్తా," అన్నాడు తన సగం హిందీలో.

సంచులు కప్పడం నాకు ఒకరు నేర్పాలా? సైట్‌లో పదేళ్లు నేను చేసిందే అది. పిల్లర్ పోసి చెక్కలు విప్పగానే గోనెసంచి చుట్టి, తాడు కట్టి, ఆరకుండా నీళ్లు కొడుతూ ఉండాలి. దాన్నే క్యూరింగ్ అంటారు. ఆరితే పిల్లర్ పగులుతుంది, ఫోర్‌మన్ నోరు లేస్తుంది. నేను నీళ్లు కొట్టిన పిల్లర్ ఒక్కటీ పగల్లేదు. అందుకని పదకొండు చెట్లకూ సంచులు చుట్టి, తాళ్లు బిగించి, పైపు పెట్టి ఒక్కోదాన్ని నిలువునా తడిపాను. నీళ్ల మాట బాబా ఎత్తలేదు. ఆ మాత్రం నాకు తెలియదా అని వదిలేశాడనుకున్నాను. నిచ్చెన దిగి చూసుకుంటే నాకే ముచ్చటేసింది. ఫోటో తీసి ఇంటికి పంపాను. "చెట్లకు అంగీలు తొడిగినవా?" అని మా ఆవిడ వాయిస్ పెట్టింది.

తెల్లారేసరికి సంచులు చెక్కల్లా బిగుసుకుపోయాయి. తడితే తలుపు కొట్టినట్టు చప్పుడు. ఎండెక్కాక విప్పితే సగం పూత సంచులతోపాటే ఊడొచ్చింది. అప్పుడే బాబా వచ్చాడు. కళ్లలో వేసిన మందుకు ఆయన చూపింకా మసకగానే ఉంది. మిగిలిన పూలలో ఒకటి తెంపి, గోటితో చీల్చి నా ముందు పెట్టాడు.

"లోపల పచ్చగా ఉందా, నల్లగా ఉందా?"

పచ్చగా ఉంటే కాయవుతుంది, నల్లబడితే కాదు. నల్లగా ఉంది, అదే చెప్పాను. పదకొండు చెట్ల దగ్గరా ఆయన చీల్చాడు, పదకొండు చోట్లా నేను నలుపే అన్నాను. ఒక్కటైనా పచ్చ అని అబద్ధమాడదామని నోటిదాకా వచ్చింది. చివరికి ఆయన కింద పడున్న సంచిని చేత్తో తడిమి చూశాడు.

"తడిపావా?"

"తడిపాను బాబా. మా పనిలో తడపకపోతే తిడతారు."

"మా పనిలో పొడి సంచులు," అన్నాడు.

తిట్టినా బాగుండేది. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

శుక్రవారం కొడుకు వచ్చాడు. పక్క తోటాయన దారిలోనే అంతా చెప్పేసినట్టున్నాడు. పొడి సంచులు కప్పిన ఆ తోటాయన చెట్ల మీద పూత నిక్షేపంగా ఉంది. సంచులకు నీళ్లెవరు పోశారని కొడుకు తండ్రిని అరబ్బీలో అడిగాడు. ఆ మాత్రం అరబ్బీ నాకు వచ్చు. అయినా రానట్టే నిలబడ్డాను. నా కాగితాలు, తిరుగు టికెట్టు, ఊళ్లో కట్టుకుంటున్న ఇంటి సగం లేచిన గోడలు కళ్లముందు తిరిగాయి.

"నేనే పోయమన్నాను," అన్నాడు బాబా.

కొడుకు ఆయన వైపు తిరిగాడు.

"పుట్టినప్పటినుంచి చేస్తున్న పని. అదీ మరిచిపోయావా?" అన్నాడు. గొంతులో కోపం లేదు. బాబా తలూపాడు. గదుల కొలతలకు వచ్చే నెల మనుషుల్ని పంపుతానంటే దానికీ తలూపాడు.

వెళ్లేముందు కొడుకు నా భుజం మీద చెయ్యి వేసి, హిందీలో, మెల్లగా అన్నాడు: "బాబాకు మతి ఉండట్లేదు. ఆయన చెప్పాడని ఏదిపడితే అది చెయ్యకు. ముందు నాకు ఫోన్ చెయ్."

బాబా అక్కడే ఉన్నాడు, ఆయనకు హిందీ వచ్చు.

"సరే సార్," అన్నాను.