కాలువ అక్కడితో అయిపోలేదు

నేను నాగ్‌పాడాలో ఉంటానని మా ఆఫీసులో అందరూ అనుకునేవారు. అలా చెప్పింది నేనే. ఉద్యోగానికి పెట్టిన అర్జీలోనూ అదే రాశాను. మేముండే కామాఠీపురా నుంచి నాగ్‌పాడా ఎంత దూరమని? రోడ్డు దాటితే వచ్చేస్తుంది. అంతకుముందు రెండుచోట్ల ఉన్నదున్నట్టు రాసి చూశాను. మొదటిచోట గుమాస్తా నా చిరునామా చదివి, నన్ను కిందినుంచి పైదాకా చూసి, పక్కవాడికి చూపించి నవ్వాడు. రెండోచోట నవ్వు కూడా లేదు, కాగితం వెనక్కి ఇచ్చేశారు. ఒళ్ళమ్ముకునే ఆడవాళ్ళ పేటగా ఊరంతా పేరుపడ్డ మా గల్లీలో రాళ్ళు కొట్టుకునేవాళ్ళు, తాపీపని చేసేవాళ్ళు, బడికి పోయే పిల్లలు కూడా ఉంటారని వాళ్ళకెవరూ చెప్పలేదు కాబోలు. మూడో అర్జీలో నాగ్‌పాడా అని రాస్తే టైపిస్టు ఉద్యోగం వచ్చింది. ఎనభైల మధ్యలో సంగతి ఇది.

పర్మనెంటు కావడానికి ఇంకా నెల ఉందనగా మా మేనేజరు ఒక కబురు తెచ్చాడు. ఆయనకు పాత కట్టడాల పిచ్చి. ఆయన స్నేహితుడు, రిటైరయిన ఇంజనీరు ఒకాయన, ఆదివారం పొద్దున్నే జనాన్ని వెంటబెట్టుకుని మూతబడిన మిల్లుల చుట్టూ తిప్పి చరిత్ర చెప్పేవాడు. ఈసారి మా గల్లీలకు ఉత్తరాన ఉన్న మిల్లు వెనక వేడినీళ్ళ కాలువ చూపిస్తాడట. మిల్లు ఇంజన్లు నడిచిన రోజుల్లో వాటిని చల్లబరిచిన నీళ్ళు పొగలు కక్కుతూ ఆ కాలువలో పారేవి. చుట్టుపక్కల ఆడవాళ్ళు అందులోనే బట్టలు ఉతికేవారు. మిల్లు కూలీల పెద్ద సమ్మె తర్వాత మిల్లు మూతబడింది, కాలువ ఎండిపోయింది. "అందరూ రావాలి" అన్నాడు మేనేజరు. పర్మనెంటు కానిదానికి రానని చెప్పే హక్కెక్కడిది?

ఇంట్లో ఈ మాట చెప్పడమే నేను చేసిన తప్పు. మా అవ్వ, నాన్నకు తల్లి, అప్పటికి డెబ్బై దాటింది, వెంటనే కర్ర అందుకుంది.

"నేను మోసిన కాల్వ గది. నేను రాకుంట ఎట్ల?"

పాలమూరు నుంచి పన్నెండేళ్ళప్పుడు వచ్చి ఆమె తట్ట ఎత్తిన మొదటి పని ఆ కాలువే. సగం కూలిపోయినదాన్ని అప్పట్లో మళ్ళీ కట్టారట. వద్దన్నాను, బతిమాలాను. చివరికి, "అక్కడ ఎవ్వరితోని మాట్లాడొద్దు అవ్వా, మనం యాడుంటమో చెప్పొద్దు" అన్నాను. ఆమె నన్ను అదోలా చూసింది కానీ ఎందుకని అడగలేదు.

ఆదివారం పద్నాలుగు మందిమి పోగయ్యాం. ఇంజనీరు గొడుగు కొనతో రాళ్ళను చూపిస్తూ ఇంగ్లీషులో చెబుతూ పోయాడు. ఏ దొర గీతలు గీశాడు, ఏ సేఠు డబ్బు పెట్టాడు, రాయి ఏ కొండది, అన్నీ చెప్పాడు. రాయి ఎత్తినవాళ్ళ ఊసు మాత్రం లేదు. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఏమిటో ఆ గంటలో నాకు బాగా అర్థమైంది. అయినా తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని నడిచాను.

ఒకచోట ఆయన గోడను తట్టి, ఇన్నేళ్ళయినా చెక్కుచెదరలేదంటే ఇది ఓడలో వచ్చిన విలాయతీ సిమెంటు మహిమ అన్నాడు. సిమెంటు అన్న ఒక్క మాట అవ్వ చెవిన పడింది. నేను చెయ్యి పట్టుకునేలోపే ముందుకెళ్ళి హిందీలో అందుకుంది.

"సిమెంటు కాదు సాబ్. సున్నం, ఇటుకపొడి, కరక్కాయ నీళ్ళు, బెల్లం. గానుగల ఏసి మూడు దినాలు నూరినం."

"బెల్లమా?" అన్నాడాయన.

"బెల్లమే. తట్టలు మోసేటోళ్ళం పోరగాండ్లం గద, తొవ్వల తినేస్తమని మేస్త్రీ పాటలు పాడమనేటోడు. పాట ఆగిందంటే నోట్ల బెల్లం ఉన్నట్టే. వచ్చి ఈపు మీద ఒక్కటేసేటోడు."

అందరూ నవ్వారు. ఇంజనీరు కూడా నవ్వాడు, కానీ జేబులోంచి పుస్తకం తీసి రాసుకున్నాడు. మేనేజరు మాత్రం మా అవ్వ వంకా నా వంకా మార్చి మార్చి చూశాడు. నేను అవ్వ చెయ్యి పట్టి వెనక్కి లాగాను.

కాలువ ఒక గోడ దగ్గరికి వచ్చి నేలలోకి దిగిపోయింది. ఇంజనీరు గొడుగు చంకన పెట్టుకున్నాడు. దీని తర్వాత కాలువ ఎటు పోయిందో ఎవరికీ తెలియదన్నాడు. గోడకు అవతల కామాఠీపురా, మర్యాదస్తులు అడుగుపెట్టే చోటు కాదు, పైగా ఆడవాళ్ళతో వచ్చాం, నడక ఇక్కడితో సరి అన్నాడు. జనం తలలూపారు. నేనూ ఊపాను. ఆ ఊపిన తలను తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే రోత.

"గా సాబ్ ఏమంటుండు?" అంది అవ్వ.

"ఎండెక్కిందట. ఇగ ఇండ్లకు పోదామంటుండు."

"ఝూట్ చెప్పకు పొల్లా. కామాఠీపురా అన్నడు, నేనిన్న."

ఆ ముసలి కళ్ళలోకి చూస్తూ ఇంకో అబద్ధం ఆడలేకపోయాను. "మన గల్లీలు మంచియి కావంట. ఇజ్జతున్నోళ్ళు రావద్దంట" అన్నాను.

 ఆమె కర్రతో నేలను గట్టిగా పొడిచి, ఇంజనీరు మొహం మీదే అంది: "కాల్వ ఖతం కాలే సాబ్. నా ఎంబడి రాండ్రి."

అవ్వ పనిచేసిన రోజుల్లో గచ్చు నేలను దిమ్మిసలతో కొట్టేటప్పుడు, అది గట్టిపడిందీ లేనిదీ చప్పుడుతోనే తెలుసుకునేవారట. ఆ చెవి ఆమెకు ఇంకా పోలేదు. గోడ పక్కనుంచి అవతలి సందులోకి దాటి, కర్ర కొడుతూ, ఆగి వింటూ, గుల్లగా మోగినచోటల్లా "ఇగో, కింద ఉంది" అంటూ నడిచింది. నేల మొద్దుగా పలికితే పక్కకు జరిగేది. ఇంజనీరు మొదట మొహమాటానికి కదిలాడు. పదడుగులు పోయాక తానే వంగి గొడుగు పిడితో కొట్టి వినడం మొదలుపెట్టాడు. ఆయన వెనక మిగతావాళ్ళు, పర్సులు చంకలో అదిమి పట్టుకుని.

ఫోరస్ రోడ్ పక్క సందులో ఆడవాళ్ళు తలుపుల ముందు కూర్చుని పళ్ళు తోముకుంటున్నారు. ఒకామె మా అవ్వను చూసి, ఈ జనమంతా ఎవరని అడిగింది. "కాల్వ సూడనీకి వచ్చిండ్రు" అంది అవ్వ. ఆ మనిషి లోపలికెళ్ళి ఒక స్టూలు తెచ్చి, ఎండలో తిరుగుతున్నావు కూర్చోమంది. అవ్వ కూర్చుంది, ఆమె ఇచ్చిన నీళ్ళు తాగింది. మా వాళ్ళలో ఒక్కరూ ఆ చెంబు ముట్టలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. నేను అడిగి తీసుకుని తాగాను.

చివరికి కర్ర మేముండే వరసగదుల చాల్ వెనక, మేం అంట్లు తోముకునే మోరి పక్కన ఆగింది. అక్కడొక రాతిపలక. మా నాన్న, పక్కింటి బాబాయి కలిసి గడ్డపారతో దాన్ని లేపారు. కింద కమాను. టార్చి వేస్తే ఎండిన కాలువ అటూ ఇటూ కనిపించింది. ఇంజనీరు తెల్ల ప్యాంటుతోనే మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

కట్టించిన ఇంజనీరు పేరు గుర్తుందా అని అవ్వను అడిగాడాయన. "ఆయనను నేనెన్నడు సూడలే. మోసినోళ్ళ పేర్లు చెప్త, రాసుకో" అంది. ఒక్కొక్క పేరు, పక్కనే ఊరు చెబుతూ పోయింది. అందరూ ఆడవాళ్ళే, అందరూ పాలమూరు వైపువాళ్ళే. ఆయన మధ్యలో ఆపకుండా రాసుకున్నాడు. ఒక పేరును అవ్వ రెండుసార్లు చెప్పి రాయించింది. అది ఆమె అక్క పేరు.

మేనేజరు నా పక్కకు వచ్చి మెల్లగా అన్నాడు. "నువ్వు నాగ్‌పాడా అని రాశావు కదా?"

మెల్లగా జవాబు చెప్పొచ్చు. కానీ చెప్పబుద్ధి కాలేదు. "అవును సార్, అబద్ధం రాశాను. ఇదే మా ఇల్లు. ఇదే రాసుంటే మీరు ఉద్యోగం ఇచ్చేవారా?" అని అందరూ వినేలా హిందీలో అడిగాను. ఆయన చెప్పులకేసి చూసుకున్నాడు. అవ్వ ఇటు తిరిగి నన్ను చూసింది. ఎక్కడుంటామో ఎందుకు చెప్పొద్దని ఆ రోజు ఇంట్లో ఆమె అడగని ప్రశ్నకు జవాబు దొరికిందని ఆ చూపుతోనే అర్థమైంది. సిగ్గుతో నా కళ్ళు నిండాయి.

మరునాడు చిరునామా మార్చి కొత్త కాగితం టైపు చేసి ఇచ్చాను. నెల తిరిగాక పని లేదన్నారు. ఏడవలేదని అనను, ఒక పూట ఏడ్చాను. ఆ తర్వాత పెట్టిన ప్రతి అర్జీలోనూ కామాఠీపురా అనే రాశాను. మూడుచోట్ల కాదన్నారు. నాలుగోచోట, కోట వైపు ఒక పాత రాతిమేడలో, పెద్దమనిషి ఒకాయన కాగితం చూసి కనుబొమలు ఎగరేశాడు.

"కామాఠీపురా?"

"అవునండీ. పుట్టింది అక్కడే. మీరు కూర్చున్న ఈ మేడకు సున్నం మోసినవాళ్ళు ఉండేదీ అక్కడే."