సత్తెమ్మత్త గీసిన నీలిగద్ద

సూర్యాపేట పాత బస్టాండు వెనక సందులో శంకరయ్య కిరాయి పుస్తకాల కొట్టు నడిచిన రోజుల్లో, అక్కడ చిరిగిన బొమ్మల పుస్తకం ఒక్కటి కూడా కనిపించేది కాదు. పిల్లలు వాటిని మర్యాదగా చూసుకునేవారని కాదు. అన్నం తింటూ చదివేవాళ్ళం, దిండ్ల కింద కుక్కేవాళ్ళం. తండాలకు పోయిన పుస్తకాలు ఎప్పుడు తిరిగొస్తాయో దేవుడికే తెలియాలి. అట్ట ఊడి, కుట్లు తెగి వచ్చిన పుస్తకం కొన్నాళ్ళకు మళ్ళీ ముస్తాబై తాడు మీద వేలాడేది. ఆ పనితనమంతా శంకరయ్యదేనని మా వీధి పిల్లలందరి నమ్మకం. శంకరయ్యకు సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు. చేసేదంతా ఆయన భార్య సత్తెమ్మ.

మాదీ వాళ్ళదీ పక్కపక్క ఇళ్ళు కావడంతో నాకు ఆమె సత్తెమ్మత్త. ఆమె పని చేస్తుంటే దగ్గర కూర్చుని చూసిన అదృష్టం ఆ వీధిలో నాకొక్కడికే దక్కింది. సాయంత్రం చిరిగిన పుస్తకాలు సంచిలో ఇంటికి వచ్చేవి. ఆమె మైదాపిండి ఉడికించి అంటించే లై చేసేది. పురుగు పట్టకుండా అందులో చిటికెడు మైలుతుత్తం కలిపేది. చిరుగులు అతికించి, కుట్లు వేసి, పొయ్యి పక్కన రుబ్బురాయి కింద పెట్టేది.

చిరిగితే సరే, అసలు పేజీయే లేకపోతే? ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే. తెల్లకాగితానికి పలచగా కిరసనాయిలు రాసేది. తడిసిన కాగితంలోంచి కింద ఉన్నది కనిపిస్తుంది. దాన్ని ఇంకో పుస్తకం మీద పరిచి పెన్సిలుతో గీసేది. ఒకదాంట్లోంచి వీరుడి చెయ్యి, మరోదాంట్లోంచి కాళ్ళు, ఇంకెక్కడినుంచో కూలే గోడ. కాసేపటికి కిరసనాయిలు ఆరిపోయి కాగితం తెల్లబడేది. దాని మీద ఎవరూ ఎన్నడూ చూడని కొత్త బొమ్మ ఉండేది. రంగులకు పసుపు, కాటుక, బట్టలకు పెట్టే నీలిమందు. చేత్తో గీసిన పేజీ ఏదో, అచ్చులో వచ్చిన పేజీ ఏదో మాకు తెలిసేది కాదు. మాటల దగ్గర మాత్రం దొరికిపోయేది. అప్పటిదాకా గ్రాంథికం దంచిన వీరుడు ఆమె పేజీలోకి రాగానే "జర జరుగుండ్రి, గోడ పడుతది" అనేవాడు. ఎవరమూ ఆక్షేపించలేదు. మనవాడేనని సంబరపడ్డాం.

ఆ వీరుడి పేరు నీలిగద్ద. పగలు తపాలా ఆఫీసులో గుమాస్తా, ఆపద వస్తే నీలం అంగీ, ఎర్ర బూట్లు తొడుక్కుని ఎగిరే మనిషి. విజయవాడలో ఎవరో అచ్చు వేసేవారు. కొన్నేళ్ళు నడిచి ఆ ప్రెస్సు మూతపడింది. పిల్లల చేతుల్లోనే ఆ పుస్తకాలు అరిగి అంతరించాయి. ఇవాళ కోదాడలో నేను పాఠం చెప్పే బడిలో ఈ మాట ఎత్తితే, "ఏంటండీ మాస్టారూ, ఈ వయసులో బొమ్మల పుస్తకాలేంటి" అని మా లెక్కల సారు నవ్వుతాడు. ఆయనకు నీలిగద్ద తెలియదు. తెలియనివాళ్ళతో వాదించి నా రక్తపోటు పెంచుకోవడం మానేశాను.

నీలిగద్ద ఆఖరి పుస్తకం హైదరాబాదు ఫుట్‌పాత్ మీద కొన్న కట్టలో శంకరయ్యకు దొరికింది. మొదటి పేజీలో నీలిగద్ద ముసలి తల్లికి అన్నానికి వస్తానని చెప్పి బయలుదేరతాడు. ఏటి మీద ఆనకట్ట పగులుతుంది. కింద ఊళ్ళున్నాయి. అతను పగులుకు వీపు ఆనించి నిలబడతాడు. జనం గుట్ట వైపు పరుగెడుతుంటారు, రాళ్ళు ఊడిపోతుంటాయి. అక్కడితో పుస్తకం ఖతం. చివరి నాలుగు పేజీలు లేవు.

ఆ నాలుగు పేజీలూ సత్తెమ్మత్తే గీసింది. ఆమె కథలో వరద తీస్తుంది, ఊరు లాంతర్లు పట్టుకుని వెతుకుతుంది, తల్లి గుమ్మంలో కూర్చుని ఉంటుంది. ఆఖరి బొమ్మలో నీలిగద్ద కనిపించడు. గడప బయట తడిసిన ఎర్ర బూట్లు విడిచి ఉంటాయి. తల్లి లోపలికి చూస్తూ, "కాళ్ళు కడుక్కో కొడుకా, అన్నం పెడ్త" అంటుంది. మిగతా పుస్తకాలన్నిటిలో అతను రాజభవనాల్లోకి కూడా బూట్లతోనే దూసుకుపోయేవాడు. ఆ సంగతి నేను అడిగితే అత్త నన్ను ఎగాదిగా చూసి, "ఎంత మొనగాడైతే మాత్రం తల్లి ఇంట్లకు చెప్పులతోని వస్తడారా" అంది. నీలిగద్ద బతికాడని మేమంతా హాయిగా నిద్రపోయాం.

అత్త మాత్రం నిద్రపోలేదు. హైదరాబాదు పోయేవాళ్ళనూ, విజయవాడ పోయేవాళ్ళనూ ఆపి అడిగేది. "గా పుస్తకం అసలు పేజీలు దొరుకుతయేమో సూడుండ్రి. బతికిండా లేడా, అది తెల్వాలె నాకు." అంత పట్టింపు ఎందుకో మా అమ్మ నాకు చాలా ఏళ్ళ తర్వాత చెప్పింది.

సత్తెమ్మత్తకు ఒక అన్న ఉండేవాడు, బిక్షం. సాగర్ ఎడమ కాలువ తవ్వే రోజుల్లో కూలికి పోయి, నీళ్ళు వదిలినప్పుడు కొట్టుకుపోయాడు. శవం దొరకలేదు. గుండె జబ్బు మనిషి, తట్టుకోలేదని తల్లికి చెప్పలేదు. బొంబాయి పనికి పోయాడని తండ్రి అబద్ధం ఆడాడు. ఇంట్లో అందరూ అదే మాట మీద నిలబడ్డారు, అప్పటికి ఇంకా ఓణీ వేసుకునే సత్తెమ్మ కూడా. తల్లి రోజూ గుమ్మంలో కొడుకు చెప్పుల కోసం చూసేది. అలా చూస్తూనే పోయింది.

తర్వాత ఇంటింటికీ టీవీ వచ్చింది, కొట్టు మూతపడింది, శంకరయ్య పోయాడు. పుస్తకాలు పాత కాగితాల కాటాకు వెళ్ళాయి. అత్త ఇప్పుడు సూర్యాపేటలోనే తన కూతురు ప్రవళిక దగ్గర ఉంటోంది. నేను సూర్యాపేట పోయినప్పుడల్లా కుశల ప్రశ్నల కంటే ముందు ఆ ప్రశ్నే అడిగేది. దొరకలేదత్తా అనేవాణ్ని.

కిందటేడు చలికాలంలో మిర్యాలగూడ నుంచి సాంసన్ అనే ఆయన ఫోన్ చేశాడు. బియ్యం సంచుల మీద మిల్లుల పేర్లు అచ్చు వేయడం ఆయన బతుకుతెరువు. పాత బొమ్మల పుస్తకాలు వెతికి మళ్ళీ అచ్చు వేయడం ఆయన పిచ్చి. శంకరయ్య కొట్టు గురించి నేను ఫేస్‌బుక్‌లో రాసింది చదివాడట.

"సార్, నా దగ్గర నీలిగద్ద ఆఖరు పుస్తకం ఉన్నది. చివరి పేజీలు ఎవరో చేత్తోని గీసిండ్రు. ఎవరో మీకేమన్న తెలుసా?"

ఆదివారం దాకా ఆగలేక మర్నాడే సెలవు పెట్టి బస్సెక్కాను. సంచుల గుట్టల మధ్య, రంగుల వాసనలో, సాంసన్ ఆ పుస్తకాన్ని పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో తెచ్చాడు. గడప బయట బూట్లు చూడగానే అది సత్తెమ్మత్త గీతేనని పోల్చుకున్నాను. నీలిమందు రంగు ఇంకా వెలవలేదు. భూతద్దం పెట్టి చూస్తే గీతలో ఒక్కచోటా వణుకు లేదు. నా చిన్నతనంలో పొయ్యి పక్కన జరిగిన పని ఇంత గొప్పదని అప్పుడు నాకు తెలియలేదు. నేను అత్త సంగతి చెప్పగానే సాంసన్ భూతద్దం తీసుకుని మళ్ళీ ఆ పేజీ మీదికి వంగాడు.

"ఒక ఆడమనిషి, ఇంట్ల కూసోని, కిరసనాయిలుతోని గిట్ల గీసిందా సార్" అన్నాడు.

ఆ తర్వాత బీరువాలోంచి ఇంకో పుస్తకం తీశాడు. అదే నీలిగద్ద, అదే ఆఖరి సంచిక. తెనాలిలో ఒక పాత ఇంటి అటక మీద దొరికిందట. పేజీలన్నీ ఉన్నాయి. అక్కడే నిలబడి చదివాను. జనమంతా గుట్ట ఎక్కేదాకా నీలిగద్ద ఆనకట్టను మోస్తాడు. చివరి మనిషి ఎక్కాక గోడతోపాటు పోతాడు. ఆఖరి పేజీ నిండా నీళ్ళు, వాటి మీద తేలే నీలం అంగీ, గుట్ట మీద చేతులు జోడించిన జనం. కింద సమాప్తం అని ఉంది.

సాంసన్ రెండిటినీ కలిపి వేశాడు. ముందు అసలు కథ మొత్తం, దాని వెనక సత్తెమ్మత్త నాలుగు పేజీలు, ఆమె పేరుతో సహా. అచ్చయిన మొదటి ప్రతి నా చేతిలో పెట్టాడు. ఎప్పటినుంచో ఆమె అడుగుతున్న జవాబు నా సంచిలో ఉంది. అది ఆమెకు ఇవ్వడానికి నాకు ధైర్యం లేదు. రెండు వారాలు కోదాడలో నా బల్ల సొరుగులో దాచాను. ఆమె వయసేమీ తగ్గడం లేదని గుర్తొచ్చి ఒక శనివారం బయలుదేరాను.

మధ్యాహ్నం అన్నాలయ్యాక ప్రవళిక మంచం మీద దిండు సర్ది అత్తను కూర్చోబెట్టింది. నేను వెనక నుంచి పుస్తకం తెరిచి ఆమె పేజీలే ముందు చూపించబోయాను. ముందు వాటితో మనసు నింపుదామని నా తెలివి. ఆమె నా చెయ్యి పక్కకు తోసింది.

"నావి నాకెర్కనే. అసలుయి సూపియ్యి సురేందరూ."

చూపించాను. ఆపరేషను అయిన కళ్ళు. పుస్తకాన్ని ముఖానికి దగ్గరగా పట్టుకుని ఒక్కో బొమ్మ మీద వేలు పెట్టి చదివింది. ఆఖరి పేజీకి వచ్చినప్పుడు నేను కిటికీ వైపు తిరిగాను. ఏడుస్తుందనుకున్నాను.

"ఎంత మంచిగ గీసిండురా నీళ్ళను" అంది. గొంతులో దుఃఖం లేదు, ఆశ్చర్యం ఉంది. "సూడు, నురుగు సూడు. నీళ్ళు గింత బరువుంటయని ఆయినకెట్ల తెలిసిందో. నాకు నీళ్ళు గియ్యరాకనే లాంతర్లు పెట్టిన." ఎవరో తెలియని ఆ చిత్రకారుడికి ఆ పేజీ మీదనే దణ్ణం పెట్టింది. ఆమెను చూస్తూ నేను కూడా పెట్టాను.

తర్వాత పేజీలు వెనక్కీ ముందుకూ తిప్పడం మొదలుపెట్టింది. గుట్ట మీద జనం బొమ్మను కళ్ళకు ఆనించుకుని ఒక్కో ముఖాన్నీ వెతికింది. అతను చనిపోయిన సంగతి ఒప్పుకోలేకపోతోందేమో అనుకున్నాను.

"పోయిండత్తా" అన్నాను మెల్లగా.

"పోయిండు, తెలిసింది గద. వాళ్ళమ్మేది?"

నేనూ వంగి వెతికాను. ఆ ముసలామె మొదటి పేజీ తర్వాత ఇంకెక్కడా లేదు. నేనూ సాంసనూ అన్నిసార్లు చదివి కూడా గమనించలేదు.

"ఊరోళ్ళందరు మొక్కుతుండ్రు, మంచిదే. అన్నానికొస్తనని పోయిండు గద పిల్లగాడు. ఎవరన్న పొయ్యి ఆమెకు చెప్పిండ్రా?"

"కథ ఆడికే అయిపోయిందత్తా."

"ఆమెకు కాలే గద."

అప్పుడు తన పేజీలు తీసింది. గడప, బూట్లు, తల్లి ముఖం. వేలితో ఆ ముఖాన్ని తడిమింది.

"ఇది అబద్ధమేరా. మా నాయిన చెప్పిన అబద్ధమే. నేను దానికి రంగులేసిన."

"అట్లనకత్తా. గీ పేజీలు సూసే కదా మేమంత నిమ్మలంగ పండుకున్నం."

"మీరు పండుకున్నరు. మా అమ్మ పండుకోలే."

ఆ మాట అన్నాక పుస్తకం పక్కన పెట్టి కూతుర్ని కాగితం, పెన్సిలు తెమ్మంది. ప్రవళిక కిరసనాయిలు ఇప్పుడెక్కడా దొరకడం లేదని, కావాలంటే బజారు నుంచి ట్రేసింగ్ పేపరు తెస్తానని అంది.

"ఎందుకే? దీనికి కింద పెట్టుకునెటందుకు బొమ్మ యాడున్నది? ఎవరు గియ్యలే" అంది అత్త.

ఆమె ఏ బొమ్మా కింద పెట్టుకోకుండా గీయడం నేను ఎన్నడూ చూడలేదు. పీట ఒళ్ళో పెట్టుకుంది. గీత వంకర పోయింది, తుడిచింది, మళ్ళీ గీసింది. ప్రవళిక టీ పెట్టి తెచ్చింది, అది చల్లారిపోయింది. నేను చూస్తూ ఉండిపోయాను. కాగితం మీద నెమ్మదిగా ఒక గుమ్మం వచ్చింది. గుమ్మంలో ముసలి తల్లి వచ్చింది. ఆమెకు ఎదురుగా నేల మీద ఎవరో కూర్చున్నారు. గుట్ట దిగి వచ్చిన ఊరి పెద్ద అయి ఉంటాడనుకున్నాను. కాదు. రెండు జడలు, ఓణీ. ఒక పిల్ల ముసలామె రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని, తల ఎత్తి ఆమె కళ్ళలోకే చూస్తోంది.

మాటలు రాసే చోటు ఇంకా ఖాళీగా ఉంది. సత్తెమ్మత్త పెన్సిలు చివర పెదవికి ఆనించుకుని ఏదో లోపల్లోపల అనుకుంది. తర్వాత వంగి, ఒక్కో అక్షరం దిద్దుతున్నట్టు రాసింది.

"అమ్మా, అన్న ఇగ రాడు. నీళ్ళల్ల పోయిండు. నేను నీ దగ్గర్నే కూసుంట."