అన్ని కాలాలకూ అని రాసిన లేబుల్

మా వదిన టెంట్ల కొట్లో ఒక పద్ధతి ఉంది. కొనడానికి వచ్చినవాళ్ళు ఎంతటివాళ్ళైనా సరే, టెంటు లోపల పది నిమిషాలు కూర్చోవాల్సిందే. పైన చిల్లుల రేకు డబ్బా ఒకటి వేలాడుతుంటుంది. వదిన కుళాయి గొట్టంతో అందులోకి నీళ్ళు వదులుతుంది. పక్కనుంచి నిలువెత్తు ఫ్యాను తిప్పుతుంది. తడవకుండా బయటికొస్తే ఆ టెంటు వాళ్ళది. తడిస్తే తువ్వాలు చేతికిచ్చి ఇంకోటి చూపిస్తుంది.

"ఎక్కడికెళ్తున్నారు? ఏ నెలలో?" ఈ రెండూ అడక్కుండా గుడ్డ విప్పదు. ఎండల్లో ఏటి ఒడ్డుకైతే గోడలన్నీ జాలీ ఉన్నది, లోపల గాలి ఆడాలి కాబట్టి. వానలకైతే పైకప్పు నేలదాకా దిగి, అడుగుగుడ్డ అంచులు తొట్టిలా పైకి లేచి ఉన్నది. గాలి కొట్టే గుట్టలకైతే పొట్టిగా, చుట్టూ లాగి కట్టే తాళ్ళున్నది. మంచుకైతే కడ్డీలు లావుగా ఉండి ఒకదాన్నొకటి నాలుగైదు చోట్ల దాటాలి, పడ్డ మంచు నిలవకుండా కప్పు వాలుగా ఉండాలి. "అన్నిటికీ ఇదొక్కటే చాలు అన్నవాడు అబద్ధాలకోరు" అంటుంది. ఆ మాట అనేటప్పుడు మాత్రం వీధి అవతలి కొట్టుకేసి చూస్తుంది.

ఆ కొట్టు గొడుగులాయనది. గొడుగులమ్మి పైకొచ్చి టెంట్లలోకి దిగాడు కాబట్టి వీధంతా అలాగే పిలుస్తుంది. నేను పిలిచే పేరు వేరే ఉంది, ఇక్కడ రాయడం బాగుండదు.

వదిన ఒకప్పుడు ఆయన దగ్గరే మిషను కుట్టేది. ఒక ఏడాది ఎండాకాలం టెంట్లు రెండు వందలు అమ్ముడుపోక మిగిలిపోయాయి. ఆయన కొత్త లేబుళ్ళ కట్ట తెచ్చి మిషను మీద పడేశాడు. 'అన్ని కాలాలకూ. ఎండ, వాన, గాలి, మంచు' అని ఉంది వాటి మీద.

"పాతవి పీకేసి ఇవి కుట్టు."

"ఇవి మంచుకి ఆగవు కదండీ" అని నసిగింది వదిన.

"ఏయ్ కుట్టుపనీ, నీ పని సూదితోనా, నోటితోనా?"

వదిన నోరు మూసుకుని కుట్టింది. కొనేది ఎవరు, పెరట్లో పిల్లలకి వేసిచ్చే షోకురాయుళ్ళే కదా అనుకుంది. అయితే ఏ పనీ ఒళ్ళు దాచుకుని చేసే మనిషి కాదు. ఊడిపోకుండా ప్రతి లేబుల్ చివరా మూడుసార్లు వెనక్కి కుట్టు వేసింది.

మా అన్నయ్య రోడ్లు వేసే కంపెనీలో కొలతలు తీసేవాడు. ఆ కంపెనీ ఆ టెంట్లలోవే ఓ పాతిక కొని, వాటితో అన్నయ్యావాళ్ళని కొండమీదికి పంపింది. ఆ సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆ వారమే మంచు తుఫాను వచ్చింది. కడ్డీలు విరిగి కప్పు అన్నయ్య మీద కూలింది. మూడో రోజు మనిషినీ, టెంటునూ కలిపే కిందికి తెచ్చారు. గుడ్డ చిరిగింది, జిప్పు ఊడింది. లేబుల్ మాత్రం చెక్కు చెదరలేదు. వదిన దాని చివర వేలు పెట్టి తడిమి చూసింది.

"నేను కుట్టిందే" అంది.

కంపెనీవాళ్ళు అడగడానికొస్తే గొడుగులాయన ఏమన్నాడో తెలుసా? "కుట్టే ఆవిడ పొరపాటున లేబుల్ మార్చేసింది, నాకేం తెలుసు పాపం" అన్నాడు. మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషి నెత్తినే రుద్దేశాడు! వీధిలో సగం మంది నమ్మారు. మా అమ్మ కూడా కొన్నాళ్ళు కోడలితో మాట మానేసింది. అందుకు అమ్మని ఇప్పటికీ దెప్పుతూనే ఉంటాను.

ఏడాది తిరక్కుండా వదిన సరిగ్గా ఆయన కొట్టుకి ఎదురుగా ఈ గది తీసుకుంది. చిరిగిన ఆ టెంటుని లేబుల్‌తో సహా గోడకి తగిలించింది. గల్లా దగ్గర నన్ను కూర్చోబెట్టింది. ఆయన దగ్గర కొన్నవాళ్ళెవరైనా తెచ్చి చూపిస్తే నీళ్ళ కింద పెట్టి ఊరికే చూసిపెట్టేది. వాళ్ళు తడిసి, తిట్టుకుంటూ రోడ్డు దాటి వెళ్ళడం చూస్తుంటే నాకు కడుపు నిండిపోయేది. వదినకి నిండలేదు. ఎనిమిదేళ్ళూ ఒకటే మాట: "ఆయన నోటితో ఆయనే చెప్పాలి."

మొన్న ఒక పొద్దున ఆయన కూతురు వచ్చింది. ఇరవై ఏళ్ళ పిల్ల. వెనకాలే గొడుగులాయన, చంకలో టెంటు మూటతో.

"రేపు మంచుకొండ ఎక్కడానికి వెళ్తున్నానండీ. మా కొట్లోదే తీసుకున్నా. ఎందుకో నాన్న మీకు చూపించి తీరాలంటున్నారు" అంది పిల్ల.

ఎందుకో నాకు అర్థమైంది. లేబుళ్ళు మార్చి మార్చి, తన కొట్లో ఏది అసలో ఏది నకిలీయో ఆయనకే తెలియకుండా పోయింది. చూడగానే చెప్పగలిగిన మనిషి వీధిలో ఒక్కతే ఉంది.

"అమ్మా, మీరు ఒక్కసారి చూసి చెబితే..." అన్నాడు. కుట్టుపనీ అన్న నోరే అది.

వదిన టెంటు వేసింది. "మా పద్ధతి తెలుసుగా, లోపల కూర్చోండి" అంది.

"నేను కూర్చుంటా" అని పిల్ల ముందుకొచ్చింది.

"నువ్వొద్దమ్మా. మీ నాన్న కూర్చుంటారు."

ఆయన వంగి దూరాడు. వదిన కుళాయి పూర్తిగా తిప్పింది, ఫ్యాను పెద్దది చేసింది. నేను గోడ గడియారం చూస్తూ కూర్చున్నా, పరమానందంగా. మూడు నిమిషాలకే కప్పు కుంగింది. ఆయన బయటికొచ్చేసరికి చొక్కా ఒంటికి అతుక్కుపోయి ఉంది. వదిన తువ్వాలు ఇవ్వలేదు.

"దీని మీద లేబుల్ చదవండి."

"అన్ని... కాలాలకూ."

"ఎవరు కుట్టించారు?"

ఆయన పిల్ల వైపు చూశాడు. "లోపల మాట్లాడుకుందామమ్మా."

"ఇక్కడే. మంచుకి ఆగే టెంటు నా దగ్గర ఒకటుంది. మీరు చెప్పాక తీస్తాను."

పిల్ల గోడ మీది చిరుగు టెంటును చూసింది, దాని లేబుల్ చూసింది, తాము తెచ్చినదాని లేబుల్ చూసింది. రెండూ ఒకటే. "నాన్నా, చెప్పు" అంది.

చెప్పాడు. నీళ్ళు కారుతూ, తలొంచుకుని, తనే కుట్టించానని, ఆవిడ వద్దంటే కసిరానని, చచ్చిన మనిషి పెళ్ళాం మీదే నేరం వేశానని మొత్తం చెప్పాడు. వదిన లోపలికెళ్ళి లావు కడ్డీల టెంటు తెచ్చి, పిల్లని అందులో పది నిమిషాలు కూర్చోబెట్టింది. పిల్ల పొడిగా బయటికొచ్చింది.

వెళ్ళేముందు పిల్ల నా దగ్గర కత్తెర అడిగింది. గోడ టెంటుకున్న లేబుల్ కుట్లు ఒక్కొక్కటే తెంచింది. చివరి మూడు కుట్లూ ఓ పట్టాన రాలేదు. ఊడిన లేబుల్‌ని తండ్రి తడి జేబులో పెట్టి, "ఇది నీది నాన్నా" అని, ఆయన కోసం ఆగకుండా రోడ్డు దాటింది.

నాకు ఉండబట్టలేదు. "నేనైతే ఆ తడిసిన టెంటే మడిచిచ్చి పంపేదాన్ని వదినా! అంత మంచిదెందుకిచ్చావు?"

"ఆ పిల్ల క్షేమంగా తిరిగి రావాలి" అంది వదిన, కుళాయి కట్టేస్తూ. "వచ్చి, రోజూ ఆయన ఎదురుగా కూర్చుని అన్నం తినాలి."