మెక్సికన్ కొట్టులో గోంగూర

అమెరికాలో బెంటన్‌విల్ వచ్చిన కొత్తలో నాకు ఉద్యోగం చేసే వీసా లేదు. మా ఆయనది కాంట్రాక్ట్ ఉద్యోగం. రెన్యూ అవుతుందో లేదో చివరి వారం దాకా తెలిసేది కాదు. అందుకని ఇంటి ఖర్చు తగ్గించడమే నా ఉద్యోగం అనుకున్నాను. హైదరాబాద్‌లో ఆడిటింగ్ చేసినదాన్ని. డబ్బు ఎక్కడ కారిపోతుందో కనిపెట్టడం నాకు అలవాటే.

మా ఇంట్లో అది వంటింట్లోనే కారిపోయేది. దగ్గర్లోని ఇండియన్ స్టోర్‌లో మసాలా దినుసులన్నీ చిన్న చిన్న ప్యాకెట్లే, ధరలు మాత్రం పెద్దవి. గోంగూర ఎప్పుడో ఒకసారి వచ్చేది, వచ్చేసరికే వాడిపోయి ఉండేది. మిగతా తెలుగువాళ్ళు ఐదారు గంటల దూరంలోని డాలస్ వెళ్ళి కారు నిండా సరుకులు తెచ్చుకునేవారు. పెట్రోలూ, దారిలో తిండీ కలుపుకుంటే అందులో ఆదా ఏముందో నాకు అంతుపట్టేది కాదు.

ఒకరోజు కొత్తిమీర కోసమని, రోజూ కారులో దాటిపోయే మెక్సికన్ కొట్టు దగ్గర ఆగాను. తలుపు తీయగానే ఎండుమిరపకాయల ఘాటు. డబ్బాల నిండా పొడుగువీ, గుండ్రటివీ, నల్లటివీ ఎన్నో రకాల మిరపకాయలు. పక్కనే జీలకర్ర, దాల్చినచెక్క, చింతకాయలు. ధరలు చూసి నమ్మలేక మళ్ళీ చదువుకున్నాను. ఆ వరసలోనే ఒక డబ్బాలో ముదురు ఎరుపు రంగులో ఎండిన పూలలాంటివేవో ఉన్నాయి.

"ఇవేంటి?" అని ఇంగ్లీషులో అడిగాను కొట్టావిడని. ఆవిడకి ఇంగ్లీషు అంతంతమాత్రమే. "టీ... షుగర్... కోల్డ్" అంటూ గ్లాసెత్తి తాగుతున్నట్టు చూపించి, ఒకటి తీసి నా చేతిలో పెట్టింది.

నోట్లో వేసుకున్నాను. పళ్ళు జివ్వుమన్నాయి. ఆ పులుపు నాకు బాగా తెలుసు. ముదిరిపోయిన ఎర్ర గోంగూర మొక్కలకి కాసే కాయలని మా అమ్మమ్మ పారేయనిచ్చేది కాదు. పైనున్న ఎర్ర రేకులు ఒలిచి పచ్చడి చేసేది. ఇవి ఆ రేకులే!

సంచి నిండా కొన్నాను. మిరపకాయలు కూడా రకానికి కొన్ని తీసుకున్నాను.

"ఏంటిది, టీ చేస్తున్నావా?" అన్నారు మా ఆయన, వేడినీళ్ళలో నానుతున్న వాటిని చూసి.

"పచ్చడి."

"పూలతోనా? నా మీద ప్రయోగాలొద్దు, ప్లీజ్."

నానినవాటిని నీళ్ళు పిండేసి, నూనెలో మగ్గించాను. మిరపకాయలు, ధనియాలు, మెంతులు వేయించి, వెల్లుల్లి వేసి మిక్సీ పట్టి, ఇంగువ పోపు పెట్టాను. మొదటి ముద్ద తినగానే ఆయన తలెత్తి నావైపు చూశారు. "ఇంకొంచెం అన్నం పెట్టు" అన్నారు.

ఆ శనివారం ఒక స్నేహితురాలి ఇంట్లో పాట్‌లక్. తలా ఒక వంట తెచ్చారు. నేను ఆ పచ్చడే తీసుకెళ్ళాను. వరంగల్ నుంచి వచ్చిన ఒకామె వేలితో నాకి చూసి ఆగిపోయింది.

"ఇది పుంటికూర పూల తొక్కు కదా! ఏడ దొరికింది మీకు? డాలస్‌కెళ్ళి తెప్పించిన్రా?"

"గోంగూర పూలేనండీ. డాలస్ నుంచి కాదు, మా వీధి మలుపులో మెక్సికన్ స్టోర్ ఉంది చూడండి, అక్కడ."

ఒక్కసారిగా అందరూ నా చుట్టూ మూగారు. మా ఆయన ప్లేటు పట్టుకుని వచ్చి, "ఇండియన్ స్టోర్‌లో ఒక చిన్న గోంగూర కట్ట రేటుకి అక్కడ సంచెడు తెచ్చింది" అని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పడం మొదలుపెట్టారు. ఈ దేశం వచ్చాక ఎవరైనా నన్ను "మీ హస్బెండ్ ఎక్కడ చేస్తారు?" అనే అడిగేవారు. ఆ రోజు మాత్రం నాకు తెలిసింది చెప్పమని అడిగారు.

మర్నాడు ఆడవాళ్ళం రెండు కార్లలో బయలుదేరాం. ఏ మిరపకాయ రంగుకి, ఏది కారానికి, రెండూ ఎంత పాళ్ళలో కలిపితే మన కారంపొడికి దగ్గరగా వస్తుందో, అప్పటికే నేను ఇంట్లో కలిపి చూసి తేల్చుకున్నాను. డబ్బాల ముందు నిలబడి ఒక్కొక్కటీ విరిచి చూపిస్తుంటే, వాళ్ళు ఫోన్లలో రాసుకున్నారు. కొట్టావిడ నవ్వుతూ ఖాళీ సంచులు అందించింది. ఆడిటర్‌గా ఎన్నో మీటింగుల్లో మాట్లాడాను గానీ, నా గొంతు అంత ధీమాగా ఎప్పుడూ పలకలేదు.